పత్రికల్లో తగ్గుతున్న కార్టూన్.. ఫోన్లలో పెరుగుతున్న వెటకారం

సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డు అనగానే పాత పేపర్ పాఠకులకు డెక్కన్ క్రానికల్, దాంతోపాటే షేక్ సుభానీ కార్టూన్ గుర్తొస్తాయి. ఇంగ్లిష్ పేపర్‌లో గీసినా ఆ బొమ్మల్లో ఉన్నది మన నాయకులే. తెలుగులో ఆ జాగా ఈనాడు శ్రీధర్‌ది. మొదటి పేజీలో ‘ఇదీ సంగతి’ చూశాకే వార్తలు చదివినవాళ్లు ఎందరో. దాదాపు 40 ఏళ్లు గీసి, 2021 ఆగస్టులో ఆయన బయటికొచ్చేశారు. అంతకుముందే 2014లో శేఖర్, 2017లో మోహన్ కన్నుమూశారు. శంకర్ లాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. కానీ కార్టూన్ చూసి రోజు మొదలుపెట్టే అలవాటే పోతోంది.

ఎందుకంటే లెక్క సింపుల్. కార్టూనిస్టుకు నెలనెలా జీతం ఇవ్వాలి. అతను గీసే బొమ్మ మాత్రం పేపర్‌కు ప్రకటనలిచ్చే సర్కారుకే గుచ్చుకుంటుంది. యాజమాన్యం ఏ వైపు మొగ్గుతుందో ఊహించడానికి బీకాం చదవక్కర్లేదు.

దానికి తోడు కేసుల భయం. అమెరికా మనవాళ్లను సంకెళ్లతో తిప్పి పంపినప్పుడు, 2025 ఫిబ్రవరిలో తమిళ పత్రిక వికటన్ ఒక కార్టూన్ వేసింది. ట్రంప్ పక్కన ప్రధాని మోదీ, చేతులకు సంకెళ్లు. వెబ్‌సైటే ఆగిపోయింది. ఆ బొమ్మ తీసేస్తే సైట్ తెరవాలని మార్చిలో మద్రాస్ హైకోర్టు చెప్పింది. ఒక్క బొమ్మకు మొత్తం సైట్‌ను మూయడం అతి కాక ఇంకేంటి? 1987లో ఇదే పత్రిక ఎడిటర్‌ను ఒక కార్టూన్‌కే తమిళనాడు అసెంబ్లీ జైలుకు పంపింది. పార్టీలు మారాయి గానీ ఓర్పు పెరగలేదు.

వెటకారం మాత్రం చావలేదు, ఫోన్‌లోకి మారింది. అయితే కార్టూన్ కింద సంతకం ఉంటుంది, మీమ్‌కు ఉండదు. చాలాసార్లు దాన్ని నడిపేది ఏదో ఒక పార్టీ సోషల్ మీడియా టీమే. అందుకే బాణం పైకి కాకుండా కిందికి దిగుతోంది. 2025 సెప్టెంబర్‌లో అస్సాం బీజేపీ పెట్టిన ఏఐ వీడియోలో టోపీ, గడ్డమే భయపెట్టే వస్తువులు. ఆ మాటకొస్తే పేపర్ కార్టూన్లలోనూ ‘ఓటు బ్యాంక్’ అంటే టోపీ పెట్టేయడం కొత్తేం కాదు. అది బద్ధకం. గద్దె మీద ఉన్నవాణ్ణి ఎత్తిపొడవడం వేరు, గల్లీలో ఉన్నవాణ్ణి బొమ్మ చేయడం వేరు. సియాసత్‌లో ఏళ్ల తరబడి ఉర్దూ హాస్యం రాసిన ముజ్తబా హుస్సేన్‌కు ఆ తేడా తెలుసు. సీఏఏ నిరసనల వేళ, 2019 డిసెంబర్‌లో, తన పద్మశ్రీని వాపస్ ఇస్తానని ప్రకటించింది ఆయనే.

ఇక్కడి సంగతికొస్తే, సీఎంను తిట్టే వీడియో పెట్టారని 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టులపై పెట్టిన కేసులు కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది. మాట ఘాటుగా ఉందని ఎఫ్‌ఐఆర్ కట్టేయొద్దు, హింసకు ఉసిగొల్పుతోందా లేదా చూడాలి. పరువు నష్టమైతే మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. ఈ మాట పోలీస్ స్టేషన్ దాకా చేరిందా అన్నది, రేపు ఎవరో కుర్రాడు ఒక బొమ్మ ఫార్వర్డ్ చేసినప్పుడు బయటపడుతుంది.