మాఫీ కారుకు, బూడిద మనకు



తెలంగాణలో ఎలక్ట్రిక్ కారు కొంటే రోడ్డు ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. 2024 నవంబర్‌లో మొదలైన ఈ మాఫీ 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. పొగ తగ్గుతుంది, మంచిదే కదా అంటారు. నేనూ మొత్తం తప్పని అనను. కానీ ఇది ఎవరికి అందుతోంది, ఎవరి మీద పడుతోంది అని మనమే అడగాలి. మన తరఫున వేరేవాళ్లు అడగరు.

సర్కారు ధరను ఎటు వంచితే కొనేవాళ్లు అటే పోతారు. డీజిల్ సంగతే చూడండి. 2010 జూన్‌లో పెట్రోల్ ధరను కంపెనీలకు వదిలేశారు. డీజిల్‌ను మాత్రం రైతుల కోసం, లారీల కోసం అని తక్కువకే ఉంచారు. 2012 నాటికి లీటరుకు ముప్పై రూపాయల దాకా తేడా వచ్చింది. ఇంకేముంది, రైతు పేరు చెప్పి ఇచ్చిన సబ్సిడీ మీద పట్నం కార్లు పరుగెత్తాయి. ఆ రోజుల్లో కొత్తగా అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర కూడా వదిలేశాక ఆ మోజు తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రూల్ వచ్చేసరికి మారుతీ డీజిల్ కార్లే ఆపేసింది. కొనేవాళ్ల మనసేం మారలేదు, లెక్క మారింది. (నాలుగు మీటర్ల లోపు కారుకు పన్ను తక్కువ అన్నందుకు డిక్కీ కత్తిరించినట్టుండే కార్లు ఎన్ని వచ్చాయో మీకూ తెలుసు!)

ఇప్పుడు కరెంటు కార్ల వంతు. జీఎస్టీ 5 శాతమే. పదిహేను లక్షల కారుకు రోడ్డు ట్యాక్స్ మాఫీయే రెండు లక్షలు దాటుతుంది. కారు ఎంత ఖరీదైతే మాఫీ అంత ఎక్కువ. మరి ఆ కారుకు ఎక్కే కరెంటు ఎక్కడిది? మన రాష్ట్రంలో ఎక్కువ భాగం బొగ్గు నుంచే. బొగ్గు తవ్వేది ఇల్లందు, మణుగూరు, ఆసిఫాబాద్ వైపు. కాల్చే చిమ్నీలు పాల్వంచలో, మణుగూరులో. హైదరాబాద్ రోడ్డు మీద పొగ తగ్గే మాట నిజమే. ఆ బూడిద మాత్రం మన పక్కనే పడుతుంది.

ఆటోలకు, ట్రాక్టర్లకు కూడా మాఫీ ఉంది కదా అని ఎవరో అంటారు. ఉంది. కాని ఏజెన్సీలో ఆటో నడిపే అన్నకు కొత్త బండికి అప్పు ఎవరిస్తారు? గుట్ట ఎక్కాక ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? సంత రోజు ఒక్క ఆటోలో పది మంది పోతారు. తలకు లెక్క కడితే ఒక్కరే కూర్చుని పోయే కారు కన్నా మన పొగే తక్కువ. మాఫీలో మాత్రం మన వంతు దాదాపు సున్నా.

డిసెంబర్ తర్వాత ఏం చేయాలో సర్కారు ఎలాగూ ఆలోచించాలి. ఖరీదైన కార్లకు మాఫీ ఆపమందాం. ఆ డబ్బుతో ట్రైకార్ ద్వారా ఎలక్ట్రిక్ ఆటోలకు అప్పులు, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల పరిధిలో మండలానికో ఛార్జింగ్ స్టేషన్, లోపలి ఊళ్లకు చిన్న ఆర్టీసీ బస్సులు అడుగుదాం.

మీ ఊరి నుంచి మండల కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లు, ఏ బండి దొరుకుతుంది, మనిషికి ఎంత ఛార్జీ అనేది రాసి పంపండి. ఆ లెక్క పట్టుకుని పీవో గారిని కలుద్దాం.