సూది పొట్టిదైతే తోలుదా తప్పు?

(బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

మన కళాశాల సంచికల్లో నిరుద్యోగ సమస్య మీద వ్యాసం లేని సంచిక అరుదు. గ్రంథాలయంలో పాతవి తిరగేస్తే ఆ సంగతి తెలిసింది. అన్నిటిలోనూ ‘యువతరం మేల్కోవాలి’, ‘స్వయం ఉపాధి బాట పట్టాలి’ అని ఉంటుంది. రాసినవారు మేల్కొన్నారో లేదో, ఆ బాట ఎటు పోతుందో ఎవరూ రాయలేదు. నాకంత పెద్ద మాటలు రావు. నేను ఒక్క కుట్టుమిషన్ గురించి రాస్తాను. విసుగనిపిస్తే పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోను.

షాద్‌నగర్‌కు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. మాది వ్యవసాయ కుటుంబం. మక్క, పత్తి, నీళ్లున్న ఏడు టమాట. మా ఊళ్లో తోలుపని చేసే ఇళ్లు ఇప్పుడు రెండే మిగిలాయి. అందులో ఒక ఇంట్లో నాకంటే మూడేళ్లు పెద్దవాడైన కుర్రాడున్నాడు. ఇంటర్‌తో చదువు ఆపేశాడు. తండ్రి చెప్పులు, బెల్టులు చేస్తాడు. కొడుకు ఆలోచన వేరు. రోడ్డు పక్కన ట్రాక్టర్ సీట్లకు, మోటారు సైకిళ్ల సీట్లకు రెక్సిన్ కవర్లు కుట్టే షాపులకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది గదా, తోలు సంచులు, బెల్టులతో పాటు అదీ పట్టుకుంటే ఇల్లు గడుస్తుందని అతని లెక్క. లెక్క తప్పు కాదు. అప్పు చేసి హైదరాబాదులో పాత మిషనొకటి కొన్నాడు. సింగర్ కంపెనీ 111 నంబరు నమూనాను చూసి ఎవరో చేసిన నకలు అది. బరువు తోలుకు పనికొచ్చేదే.

నేను చూసేసరికి ఆ మిషన్ గోనె సంచి కప్పుకొని ఎనిమిది నెలలుగా వసారాలో కూర్చుని ఉంది. పల్చటి గుడ్డ పెడితే కుడుతుంది. తోలు రెండు మడతలు పెడితే నాలుగు కుట్లు వేసి రెండు వదిలేస్తుంది, లేదా సూది ఫట్‌మని విరుగుతుంది. అప్పు కిస్తీ మాత్రం ఏ నెలా వదల్లేదు. బాగుచేస్తానని వచ్చిన ఒక మెకానిక్ రెండుసార్లు డబ్బు పట్టుకుపోయి, చివరికి ‘తోలే మంచిది కాదు’ అని తేల్చాడట. తండ్రి ఆ మాట నాకు చెబుతూ నవ్వాడు. “యాభై ఏండ్ల సంది తోలుతోనే బతుకుతున్న పటేలా, తోలు మంచిదో చెడ్డదో నాకెర్క లేదా?” అన్నాడు. నా వయసు ఇరవై. ఆయనకు అరవై దాటాయి. నన్ను పటేలా అనవద్దంటే వినలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గుడ్డ కుట్టడానికి, తోలు కుట్టడానికి తేడా ఏమిటో చాలామందికి తెలియదు. నాకూ మొన్నటి దాకా తెలియదు. గుడ్డలో సూది దిగితే నూలు పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి, సూది తీయగానే మళ్లీ దగ్గరవుతాయి. తోలు అలా కాదు. పడ్డ రంధ్రం పడ్డట్టే ఉంటుంది. తప్పు కుట్టు విప్పి మళ్లీ కుడదామంటే కుదరదు. కుట్లు మరీ దగ్గర దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు చింపినట్టు ఆ వరస వెంటే తోలు చిరుగుతుంది. అందుకే తోలుకు సూది మొన కూడా వేరు, అది గుచ్చదు, చిన్న కత్తిలా కోస్తుంది. ఇక కింద ఉండే పళ్లు మాత్రమే గుడ్డను లాగినట్టు తోలును లాగితే అడుగు మడత ముందుకు పోయి పై మడత వెనకబడుతుంది. బరువు మిషన్లలో అందుకని సూది, కింది పళ్లు, లోపలి పాదం మూడూ కలిసి ఒక్క అడుగు నడుస్తాయి. అవి వెనక్కి వచ్చేంతసేపు బయటి పాదం తోలును తొక్కి పడుతుంది. మనిషి నడకే. చూస్తుంటే ముచ్చటేస్తుంది.

ఈ విద్య నాకు కళాశాలలో రాలేదు. పోయిన వేసవిలో గది అద్దె బాకీ పడి, హైదరాబాదులో మిషన్లు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర రెండు నెలలు పనికి కుదిరాను. మొదటి పదిహేను రోజులు కిరోసిన్‌లో భాగాలు కడగడమే పని. ఉస్తాద్ ఏ బడికీ పోలేదు. కానీ ఏ మిషన్ వచ్చినా ముందు ముట్టేది ఒక్కటే. “పహ్లే సూయి దేఖో బేటా, మిషన్ బాద్‌మే” అనేవాడు. ముందు సూది చూడు, మిషన్ తర్వాత అని. అంత చిన్న మాట ఎందుకు చెబుతాడా అని నాకు లోలోపల నవ్వొచ్చేది. ఆ నవ్వుకు తర్వాత శిక్ష పడింది.

ఎందుకంటే సెలవులు అయిపోయి ఊరికి వచ్చి, గోనె సంచి తీసి, నేను సూది చూడలేదు. రెండు నెలల విద్య నెత్తికెక్కి నేరుగా హుక్ టైమింగ్ మీద పడ్డాను. సూది పూర్తిగా కిందికి దిగి, తిరిగి రెండు రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేటప్పుడు దాని పక్కన దారం చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే హుక్ మొన సూది రంధ్రానికి కాస్త పైగా వచ్చి ఆ ఉచ్చును అందుకోవాలి. సూదికీ హుక్‌కీ మధ్య సన్నని కాగితం పట్టేంత సందు. ఒక కుట్టుకు సూది ఒకసారి దిగి లేస్తే హుక్ రెండు చుట్లు తిరుగుతుంది. మనం తరంగాల పాఠంలో దశ, దశాభేదం అని చదివి, పరీక్షలో రాసి, మరచిపోయేది ఇదే. నేను టైమింగ్ సరిచేశాననుకొని, దారం ఎక్కించి, తోలు పెట్టి తొక్కాను. సూది విరిగి ముక్క నా చెంప పక్కనుంచి పోయింది. హుక్ మొన కూడా కాస్త గీసుకుపోయింది. అంటే ముందున్న తప్పుకు నా తప్పొకటి తోడైంది. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

రాత్రి ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. సూది ఏ నంబరు?

చూస్తే తెలిసింది. ఆ మిషన్‌కు వేయాల్సింది డీపీ 17. వేసి ఉన్నది డీపీ 5. రెండింటి కాడ మందం రెండు మిల్లీమీటర్లే కాబట్టి పొట్టిది కూడా బిగుసుకుంటుంది, అనుమానం రాదు. కానీ కాడ పైనుంచి రంధ్రం దాకా కొలిస్తే అది ఐదు మిల్లీమీటర్లు పొట్టి. హుక్ వచ్చే చోట రంధ్రం ఉండదు. వెనకటి మెకానిక్ సూది మార్చడానికి బదులు సూది కడ్డీనే ఐదు మిల్లీమీటర్లు కిందికి దించి బిగించాడు. పల్చటి గుడ్డ మీద కుట్టి చూపించాడు, డబ్బు తీసుకున్నాడు. తోలు పెట్టగానే పాదం మందానికి తగ్గట్టు పైకి లేస్తుంది, దిగిన కడ్డీ పోయి దానికి తగులుతుంది, సూది వంగుతుంది, విరుగుతుంది. తోలుది కాదు, ఎవరిది తప్పో పాఠకులే చెప్పాలి.

మర్నాడు షాద్‌నగర్ పోతే ఆ సూది దొరకలేదు. హైదరాబాదు నుంచి తెచ్చాం. తోలు మొన గలది 135×16, గుడ్డ మొన గలది 135×17, రెండూ తెచ్చాం, రెక్సిన్‌కు రెండోది. కడ్డీ పైకి ఎత్తి, టైమింగ్ మళ్లీ కట్టి, గీసుకున్న హుక్ మొనను సన్నని ఎమరీ కాగితంతో నున్నగా చేశాను. ఇంకో చిక్కు వేగం. మోటారు నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. మోటారు పుల్లీ 90 మిల్లీమీటర్లు, మిషన్ చక్రం కూడా 90. అంటే నిమిషానికి 1400 కుట్లు. ఆ వేగానికి మందపు తోలులో సూది వేడెక్కి నైలాన్ దారం కరిగి తెగుతోంది, చెయ్యి కూడా మళ్లదు. మోటారుకు 45 పుల్లీ వేస్తే వేగం 700కు దిగింది, గుచ్చే బలం రెట్టింపైంది. బెల్టు వదులైతే మోటారును కిందికి దించి బిగించాం. ఈ లెక్క పదో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. ఎనిమిది నెలలు ఎవరూ చేయలేదు.

ఇప్పుడు మా నాయిన సంగతి. విషయం తెలిసిన రోజు అన్నం ముందు కూర్చుని, “డిగ్రీ సదివేటోనివి, ఆళ్ల వాడకట్ల కూసొని తోలు మిషన్లు బాగుజేస్తవా? నలుగురు ఏమంటరురా?” అన్నాడు. నాయిన చెడ్డవాడు కాదు. నాకోసం ఎకరం కౌలుకిచ్చి ఫీజు కట్టాడు. ట్రాక్టర్ బాగుచేస్తే ఆయనే పదిమందికి గొప్పగా చెప్పుకునేవాడు. ఇనుముకు లేని మైల తోలుకు ఎక్కడనుంచి వచ్చింది?

నేను ఎదురు చెప్పలేదు. మా తాత బతికుండగా చెప్పిన మాట గుర్తు చేశాను. కరెంటు మోటార్లు రాకముందు మా బావి మీద మోట కొట్టేవారు. ఆ మోట తోలుది, దాని తొండం తోలుది, ఎడ్ల మెడ పట్టెలు తోలువి. లందలో సున్నం వేసి, తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన తోలు. ఒక్క కుట్టు ఊడితే గట్టు మీదికి వచ్చేసరికి నీళ్లు సగం కారిపోయేవి. మోట కుట్టినాయనకు కల్లం కాడ గింజలు కొలిచేవారు, అదీ దూరం నుంచి. ఆయన చేతి కుట్టు పొలానికి నీళ్లు పారించింది, ఆయన మాత్రం మా గడప లోపలికి రాకూడదు. ఆ మోట కుట్టినాయన మనవడే ఈ మిషన్ కొన్న కుర్రాడు. నాయిన అన్నం తిని లేచిపోయాడు, ఏమీ అనలేదు. ఇప్పటికీ అవునని అనలేదు.

మన పెద్దలకు తోలు రెండు రకాలు. ఊరి చివర ఉంటే అది కులం. మద్రాసు అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థలో ఉంటే అది విజ్ఞానశాస్త్రం. అక్కడ సీటొస్తే మా బంధువులే స్వీట్లు పంచుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తోలు పరిశ్రమ కోసం 1973లోనే లిడ్‌క్యాప్ అనే సంస్థ పుట్టింది. సంస్థలకు లోటు లేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. చర్మకారులున్నారు, దర్జీలున్నారు, పనిముట్లకు పదిహేను వేల రూపాయల సాయం ఉంది, ఐదు శాతం వడ్డీకి అప్పు ఉంది. మంచిదే. కానీ ఆ పద్దెనిమిదిలో మిషన్ బాగుచేసేవాడు లేడు. మిషన్ కొనడానికి అప్పిచ్చి, అది ఆగిపోతే చూసే మనిషిని తయారు చేయకపోతే, మనం ఇచ్చింది గోనె సంచి కింది ఇనుమూ, నెలనెలా కిస్తీ మాత్రమే. యంత్రాలంటే ఇష్టపడని గాంధీజీ కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. దాన్ని తయారు చేయడానికి ఫ్యాక్టరీ కావాలి కదా అంటే ఒప్పుకున్నాడు. రిపేరు సంగతి అప్పుడెవరూ అడిగినట్టు లేదు.

ఈ మాటలు మా అధ్యాపకులొకరితో అంటే, “సైన్సు చదివి మెకానిక్ అవుతావా?” అన్నారు. ఆయన మీద గౌరవంతోనే రాస్తున్నాను, సైన్సు, మెకానిక్‌పని వేరువేరని నేను ఒప్పుకోను. అమెరికాలో లిన్ అనే చెప్పుల ఊరు ఉంది. డచ్ గయానాలో బానిస తల్లికి పుట్టిన జాన్ మాట్జెలిగర్ అనే నల్లజాతి యువకుడు అక్కడ అట్టలు కుట్టే మిషన్ మీద కూలీగా చేరాడు. రాత్రుళ్లు ఇంగ్లీషు, యంత్రశాస్త్రం తనకు తానే చదువుకున్నాడు. చెప్పు పైతోలును అచ్చు మీద లాగి బిగించే పని చేతితో తప్ప కాదని అందరూ అంటున్న రోజుల్లో దానికి మిషన్ కనిపెట్టి 1883లో పేటెంట్ పొందాడు. చేతిపనివాడు రోజుకు యాభై జతలు చేసేచోట ఆ మిషన్ కొన్ని వందలు చేసింది. ఆయన ముప్పై ఏడో యేట క్షయతో పోయాడు. ఆయనను మెకానిక్ అనాలా, శాస్త్రవేత్త అనాలా?

నా కోరిక చిన్నది. భౌతికశాస్త్ర ప్రయోగశాల వెనక ఒక గది ఖాళీగా ఉంది, విరిగిన బెంచీలు వేసి ఉంటాయి. విద్యార్థి సంఘం వార్షికోత్సవానికి స్టేజి అలంకరణ మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గిస్తే ఒక పాత బరువు మిషన్, ఒక మోటారు, స్క్రూడ్రైవర్లు, రకానికి పది సూదులు వస్తాయి. వారానికి రెండు సాయంత్రాలు చాలు. నేర్పడానికి ఉస్తాద్‌ను అడిగాను. బస్సు ఛార్జీ, భోజనం ఇస్తే నెలకు రెండు ఆదివారాలు వస్తానన్నాడు. కళాశాల విద్యార్థులే కాక చుట్టుపక్కల తోలుపని, సీటుకవర్ల పని చేసేవాళ్లు కూడా ఆ గదిలోకి రావాలి. వాళ్లకు తోలు తెలుసు, మనకు లెక్క తెలుసు. ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ఈ ఆఖరి షరతు లేకపోతే నాకు ఆ గది అక్కర్లేదు. అర్జీ ఇచ్చి రెండు నెలలైంది, జవాబు రాలేదు.

ఆ మిషన్ ఇప్పుడు నడుస్తోంది. మొదట కుట్టింది ఒక ట్రాక్టర్ సీటు. నాకు డబ్బులివ్వబోతే, హుక్ గీసింది నేనే కదా అని తీసుకోలేదు. పోయిన వారం ఆ పెద్దాయన బస్టాండులో కనిపించి, “ఏం బిడ్డా, మల్ల దారం తెగుతున్నది, ఒకపారి వస్తవా?” అన్నాడు. టెన్షన్ బిగుసుకుందనుకుంటాను. ముందు సూది చూస్తాను.