17 రోజుల పలకరింపు

వింటర్ ఒలింపిక్స్ అనగానే మీకేం గుర్తొస్తుంది? తెల్లటి కొండలు, నోట్లోంచి ఆవిరి, చలికి ఎర్రబడ్డ ముక్కులు. 2010 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో నేను చూసింది మాత్రం వాన. కెనడా అంటే గడ్డకట్టుకుపోతామని అమ్మ రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాప్ సర్ది పంపింది. తీరా దిగాక చూస్తే కావాల్సింది గొడుగు! ఆ జనవరి ఆ ఊళ్లో అప్పటివరకూ ఎరగనంత వెచ్చగా గడిచింది. ఫిబ్రవరిలోనే రోడ్ల పక్కన చెర్రీ చెట్లు పూశాయి. పోటీలు జరగాల్సిన సైప్రస్ కొండ మీద మంచు చాలక, గడ్డి మోపులు పరిచి, వాటి మీద లారీల్లో, హెలికాప్టర్లలో తెచ్చిన మంచు పోశారు. పెళ్లింట్లో నీళ్లు అయిపోతే ట్యాంకర్ తెప్పించినట్టు అన్నమాట.

నేను వెళ్లి అప్పటికి ఆరు వారాలు. సర్రేలో ఒక పంజాబీ కుటుంబం ఇంట్లో బేస్‌మెంట్ గది. రోజూ ట్రైనెక్కి డౌన్‌టౌన్ వెళ్లడం, రెజ్యూమెలు ఇచ్చి రావడం. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న: "ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా?" పని ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! తెచ్చుకున్న డబ్బుల్లోంచి అద్దె కట్టిన ప్రతిసారీ మిగిలింది లెక్కపెట్టుకునేవాణ్ణి. ట్రైన్లో 40 నిమిషాల ప్రయాణం. ఎవరి చెవుల్లో వాళ్ల ఇయర్‌ఫోన్లు, ఎవరి కిటికీ వాళ్లది. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడిన మాటలు "సారీ", "థాంక్యూ" మాత్రమే.

ఫిబ్రవరి 12న ఊరు మారిపోయింది.

ట్రైన్లో నిలబడ్డానికి చోటు లేదు. ముఖాలకు ఎర్ర రంగు, భుజాల మీద జెండాలు. ఎవరో ఒకరు జాతీయగీతం అందుకుంటే బోగీ అంతా పాడేది. చేతులకు అందరికీ ఒకేలాంటి ఎర్ర గ్లవుజులు, అరచేతిలో మేపుల్ ఆకు బొమ్మ. పది డాలర్లు. నేనూ కొన్నా. రెండు పూటల భోజనం డబ్బులు అని మనసు గొణిగినా కొన్నా. అవి వేసుకుని గ్రాన్‌విల్ వీధిలో నడుస్తుంటే ముక్కూమొహం తెలియనివాళ్లు చెయ్యెత్తి హైఫై కొట్టి వెళ్లేవాళ్లు. ఆ వీధుల్లో కార్లు ఆపేశారు, రోడ్డంతా జనానిదే.

మాది రాజమండ్రి. 2003 పుష్కరాలు చూసినవాణ్ణి. ఊరంతా రోడ్డు మీదే ఉండడం, నీలం జాకెట్ల వాలంటీర్లు మూలమూలనా నిలబడి దారి చూపించడం, గంటల తరబడి క్యూలు... ఇదంతా నాకు తెలిసిందే అనిపించింది. పుష్కరాలు 12 రోజులు, ఇది 17 రోజులు. అక్కడ గోదాట్లో మునక. ఇక్కడ రాబ్సన్ స్క్వేర్‌లో జనం తలల మీదుగా తాడు పట్టుకుని జారే ఫ్రీ జిప్‌లైన్. దాని కోసం కూడా వానలో గంటలు గంటలు క్యూ కట్టారు!

అప్పటికి నా చేతిలో స్మార్ట్‌ఫోన్ లేదు. జేబులో వాలంటీర్లు ఇచ్చిన కాగితం మ్యాప్ ఉండేది. ఒకరోజు స్టేషన్ బయట ఇద్దరు పిల్లలతో ఒక జంట నన్నాపి, ఒలింపిక్ జ్యోతి ఉన్న చోటికి ఎలా వెళ్లాలని అడిగారు. వాటర్‌ఫ్రంట్ దాకా వెళ్లి, అక్కణ్ణించి నీళ్ల వైపు నడవండి అని చెప్పాను. "ఇక్కడే ఎన్నేళ్లుగా ఉంటున్నారు?" అన్నాడాయన. "ఆరు వారాలు" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "మేం పుట్టింది ఈ దేశంలోనే. మాకు దారి నువ్వు చెప్తున్నావ్!" అన్నాడు.

ఆ రోజంతా నాకు ఒకటే ఆలోచన. ఊరంతా అతిథులే అయినప్పుడు కొత్తవాడన్న ముద్ర ఎవరికీ కనబడదు. నా యాస వినగానే "ఏ దేశం నుంచి?" అని అడిగేవాళ్లే, కానీ అప్పుడది అనుమానం కాదు, ఆసక్తి.

పండగంటే అన్నీ నవ్వులే కావు. మొదటి రోజే ప్రాక్టీసులో జార్జియాకు చెందిన 21 ఏళ్ల నోదార్ కుమారితాష్విలి చనిపోయాడు. ఆటపేరు లూజ్. చిన్న స్లెడ్ మీద వెల్లకిలా పడుకుని, ఐసు ట్రాకులో కారు కంటే వేగంగా జారిపోవాలి. ఆ రాత్రి ప్రారంభోత్సవంలో జార్జియా జట్టు నల్లబ్యాడ్జీలతో నడిచొస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అదే ట్రాకు మీద మన శివ కేశవన్ కూడా పోటీపడ్డాడు. 29వ స్థానం. మన దేశం నుంచి వచ్చింది ముగ్గురంటే ముగ్గురే. పైన హాల్లో అంకుల్‌జీ, ఆంటీజీ, నేను ఊపిరి బిగబట్టి చూశాం. పతకం సంగతి ఎవరం ఎత్తలేదు. అతను క్షేమంగా లేచి నిలబడగానే ఆంటీజీ "వాహెగురు" అనుకుని వంటింట్లోకి వెళ్లింది.

ఇంకో సంగతి. జ్యోతి వెలిగే చోటికి నడక దూరంలోనే హేస్టింగ్స్ వీధి. అక్కడ ఒక ఖాళీ స్థలంలో ఇళ్లు లేనివాళ్లు, వాళ్లకు తోడొచ్చినవాళ్లు టెంట్లు వేసుకుని కూర్చున్నారు. ఆటలకింత ఖర్చు పెట్టారు, మాకు ఇళ్లేవి అని వాళ్ల ప్రశ్న. ఎర్ర గ్లవుజులు పెట్టుకుని ఆ టెంట్ల ముందు నుంచి నడిచాను. అక్కడ ఎవరూ హైఫై కొట్టలేదు. నా అద్దె లెక్క గుర్తొచ్చింది. ఇంకో మూడు నెలలు పని దొరక్కపోతే నేనెక్కడ?

ఫిబ్రవరి 28, ఆఖరి ఆదివారం. హాకీ ఫైనల్, కెనడా, అమెరికా. "బేటా, పైకి రా, మొదలైపోయింది!" అని అంకుల్‌జీ కేక. ఈయనకు ఐసు హాకీ ఇంత పిచ్చేమిటా అనుకునేవాణ్ణి. 2008 నుంచి సీబీసీలో పంజాబీ కామెంటరీ మొదలైందట. టాక్సీ నడిపి అలిసొచ్చిన మనిషికి సొంత భాషలో ఆట వినబడితే ఇంకేం కావాలి? ఇంకో 25 సెకన్లలో ఆట ముగుస్తుందనగా అమెరికా స్కోరు సమం చేసింది. అంకుల్‌జీ తలపట్టుకున్నారు. ఓవర్‌టైమ్‌లో సిడ్నీ క్రాస్బీ గోల్ కొట్టాడు. 3-2. వీధిలోకి పరిగెత్తాం. పక్కింటి తెల్లాయన, ఎదురింటి చైనా పెద్దావిడ, మా అంకుల్‌జీ, నేను. ఎవరు ఎవర్ని కౌగిలించుకుంటున్నామో తెలియలేదు.

మార్చి 1, సోమవారం. అదే ట్రైన్. అవే ఇయర్‌ఫోన్లు. కొందరి చేతులకు ఎర్ర గ్లవుజులైతే ఉన్నాయి, కళ్లు మాత్రం కిటికీ బయట. నా ఫైల్లో అవే రెజ్యూమెలు. అంత పెద్ద సందడి ఎటు పోయింది? ఆ 17 రోజులూ వాళ్లు నటించారా? కాదు. పుష్కరాల తర్వాత రాజమండ్రిలో మేమూ అంతే కదా. ముందురోజు దాకా ఊరుకాని ఊరివాళ్లకు మజ్జిగ పోసి, మర్నాడు ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. పండగలో చూపించిన ప్రేమ నిజమే. కాకపోతే దాన్ని నమ్ముకుని ఊళ్లో స్థిరపడలేం.

ఉద్యోగం మే నెలలో దొరికింది. ఈలోపు నాకు ఊరిని అలవాటు చేసింది వేరే విషయం. వాంకూవర్‌లో బస్సు దిగేవాళ్లు డ్రైవర్‌కి థాంక్యూ చెప్తారు. వెనక తలుపు దగ్గర్నుంచైనా సరే, వినబడేలా అరిచి మరీ చెప్తారు. ఒలింపిక్స్‌కి ముందూ చెప్పారు, తర్వాతా చెప్పారు. మొదట్లో నాకు సిగ్గేసేది. మార్చిలో ఒక వాన సాయంత్రం దిగుతూ నేనూ గట్టిగా చెప్పేశాను. డ్రైవర్ అద్దంలో చూసి చెయ్యెత్తాడు.

మీలో ఎవరైనా ఈ మధ్యే కొత్త ఊరికి వెళ్లి ఉంటే, అది హైదరాబాద్ కావచ్చు, హామిల్టన్ కావచ్చు, అక్కడ పండగొస్తే తప్పకుండా వీధిలోకి వెళ్లండి. ఆ మర్నాడు బస్సెక్కినప్పుడు మాత్రం ఫోన్లోంచి ఓసారి తలెత్తి, అక్కడివాళ్లు రోజూ ఏ మాటతో పలకరించుకుంటారో వినండి. అది నేర్చుకోండి.