పసరు మందుకూ పరీక్ష కావాలి

వానాకాలంలో కోడిపిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకు కూర్చోవడం, వాటి రెట్టలో రక్తం పడడం మీలో కొందరు చూసే ఉంటారు. మన గోదావరిఖనిలో గాని, చుట్టుపక్కల పల్లెల్లో గాని ఎవరినడిగినా మేతలో పసుపో, వేపాకో, వెల్లుల్లో కలపమంటారు. కలపవచ్చా? ముందు రోగమేమిటో తెలుసుకోవాలి.

దీన్ని రక్తపారుడు వ్యాధి, అంటే కాక్సీడియోసిస్ అంటారు. ఐమీరియా అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. ఇందులో టెనెల్లా అనే జాతి కోడి అంధనాళాల గోడలను దెబ్బతీసి రక్తం కారేలా చేస్తుంది. రెట్టతో బయటపడిన ఊసిస్టులకు తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం కలిగించే శక్తి వస్తుంది. తడిసిన ఊకలో గింజలేరుకునే పిల్ల వాటినీ మింగుతుంది.

మందులున్నాయి. కాని ఏళ్ళ తరబడి వాడిన మందులకు ఐమీరియా అలవాటుపడి లొంగడం మానేస్తోంది. అందుకే శాస్త్రజ్ఞులు మొక్కల వైపు చూస్తున్నారు. ఇది హేళన చేయవలసిన విషయం కాదు. ఐమీరియాకు దూరపు చుట్టమైన మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో కనిపెట్టాడు. ఆ క్రిమిని చంపే ఆర్టెమిసినిన్ మన మాచిపత్రికి బంధువైన మొక్కలో దొరికింది. అందుకు తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆ ఆకు సారాన్ని ముందు ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించాకే మనుషులకిచ్చారు.

మన పసుపుకూ అదే న్యాయం. ఈ రోగం తట్టుకున్న పిల్లలు కొద్ది రోజుల్లో వాటంతటవే కోలుకుంటాయి, వాటికి నిరోధకశక్తి కూడా వస్తుంది. అన్నిటికీ పసుపు పెట్టి, బతికినవాటిని చూపించి "పసుపే బతికించింది" అంటే ఎలా నమ్మడం? ఒకే ఈడు పిల్లలను రెండు గుంపులు చేసి, ఒకే మేత వేసి, ఒక గుంపుకే పసుపు కలిపి, చచ్చినవాటిని కూడా లెక్కపెడితేనే నిజం తేలుతుంది. ఇలాంటి పరీక్షల్లో కొన్ని మూలికలు ఊసిస్టులను తగ్గించాయి. కాని ఫలితాలు అన్నిచోట్లా ఒక్కలా లేవు.

కనుక, మూలిక అనగానే నమ్మకండి, కొట్టిపారేయకండి. ఈలోగా ఊకను పొడిగా ఉంచండి, నీళ్ళ గిన్నె చుట్టూ తడి లేకుండా చూడండి. రెట్టలో రక్తం కనిపిస్తే ఆ పిల్లలను వేరుచేసి పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళండి.