భుజానికి మాసిక



మన కొల్లిపర తోటల్లో అరటి గెలలు భుజాన మోసుకొచ్చి లారీకెక్కించే కూలీలను, దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు ఎత్తే హమాలీలను మీరు చూసే ఉంటారు. ఏళ్ల తరబడి బరువు మోసిన భుజం ఒకనాడు మొరాయించవచ్చు. చెయ్యి తలపైకి లేవదు. ఎందుకని? భుజాస్థి తలను గుంటలో నిలిపి ఉంచేవి నాలుగు కండరాల స్నాయుబంధనాలు. వీటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వయసు వల్ల, అరుగుదల వల్ల ఇవి చిరిగిపోతాయి.

చిరిగిన దానిని ఎముకకు కుట్టవచ్చు. కాని చిరుగు పెద్దదైతే కుట్టు మళ్లీ విడిపోవడం తరచు జరుగుతుంది. చివికిన పంచెను ఉత్త దారంతో కుడితే నిలుస్తుందా? మాసిక వెయ్యాలి కదూ! శస్త్రవైద్యులూ అదే చేశారు. పంది చిన్నప్రేగు పొర నుంచి గాని, మరణించిన దాత చర్మం నుంచి గాని కణాలను తొలగిస్తారు. మిగిలిన కొల్లాజెన్ పోగుల అల్లికను కుట్టుపై పరుస్తారు. తమలపాకు తీగకు అవిశె చెట్టు ఎలాగో, రోగి సొంత కణాలు పెరగడానికి ఈ అల్లిక అలాగ.

ఆలోచన చక్కనిదే. మరి ఫలితం?

2006లో అమెరికాలో 30 భుజాలపై జరిపిన పరిశోధన వెలువడింది. పంది ప్రేగు పొర వేసిన 15 భుజాల్లో 4 మాత్రమే అతుక్కున్నాయి. ఏ పొరా వేయకుండా కుట్టిన 15లో 9 అతుక్కున్నాయి! కణాలన్నీ పోయాయనుకున్న ఆ పొరలో పంది డి.ఎన్.ఎ. మిగిలే ఉందని 2005లోనే వేరొక పరిశోధన తేల్చింది. ఇక 2012లో, 42 మందిపై మానవ చర్మపు పొరను పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. పొర వేసినవారిలో 85 శాతం మందికి, వేయనివారిలో 40 శాతం మందికి కుట్టు నిలిచింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. 2006లో పొర వేయని ఆ 15 భుజాలను పరిశీలించకపోతే ఏమయ్యేది? బాగుపడిన నాలుగింటిని చూపి ఆ పొరను ఇంకా మెచ్చుకుంటూ ఉండేవాళ్లం. అందుకే నేననేదేమంటే, వైద్యంలో కొత్తదనం చూసి మురవకూడదు, జంతువుదని ఏవగించుకోనూ కూడదు. పోల్చి చూసిన లెక్క అడగాలి. “మా మామయ్యకు తగ్గింది” అన్న మాట సాక్ష్యం కాదు. 42 మంది కూడా చిన్న సంఖ్యేనని మరువకండి.

మరొక మాట. ఆ చర్మపు పొర ఏ కర్మాగారంలోనూ పుట్టదు, ఒక దాత ఇస్తేనే వస్తుంది. మన దేశపు అవయవ మార్పిడి చట్టంలో 2011 సవరణతో కణజాలాలు కూడా చేరాయి. నేత్రదానం గురించి తెలిసినట్టే చర్మదానం గురించీ ప్రతి ఇంటా తెలియాలి.

అన్నిటికంటే ముందు బస్తా బరువు తగ్గించాలి, మోసేవారికి తోపుడు బండి ఇవ్వాలి. భుజం చిరిగాక మాసిక వెతకడం కంటే చిరగకుండా చూడడం మేలు కాదా? మీరేమంటారు?