ఆ తలుపు తెరిచే ఉండాలి

మా అనంతపురంలో వాన పడినా పడకపోయినా డాన్స్ క్లాసులు మాత్రం ఏటా మొలుస్తూనే ఉంటాయి. ఎండాకాలం సెలవులొస్తే చాలు, సందుకో బోర్డు. నాకు సంతోషమే. మా చిన్నప్పుడు ఆడపిల్ల గజ్జె కడతానంటే ఇంట్లో పెద్ద రాద్ధాంతం. ఇప్పుడు శెనక్కాయ పంట పోయి అప్పుల్లో ఉన్న రైతు కూడా బిడ్డ ఫీజు ఎట్లాగో సర్దుతున్నాడు. కాబట్టి నేను డాన్సుకు వ్యతిరేకంగా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నేను రాస్తున్నది మూసిన తలుపు గురించి. దాని బయట నోరు మూసుకుని కూర్చునే మన గురించి.

మా పాపను తొమ్మిదేళ్లప్పుడు ఒక క్లాసులో చేర్చాను. "తల్లులు లోపలికి రాకూడదమ్మా, పిల్లల ధ్యాస చెదిరిపోతుంది" అన్నాడు సారు మొదటి రోజే. సరే అన్నాను. గంటసేపు మెట్ల మీద కూర్చుని, మిగతా అమ్మలతో కబుర్లు చెప్పుకుని, పాపను తీసుకుని వచ్చేదాన్ని.

రెండు నెలల తర్వాత ఒకరోజు బండి మీద వెనక కూర్చుని, "అమ్మా, సారు నడుము పట్టుకుని నిలబెడతాడు, నాకు నచ్చదు" అంది. నేనేమన్నానో తెలుసా? "డాన్సంటే అట్లాగే ఉంటుంది, బుద్ధిగా నేర్చుకో" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఈరోజుకీ నాకు ముద్ద దిగదు.

తర్వాతి క్లాసు రోజు పాపకు కడుపునొప్పి. ఆ తర్వాతి క్లాసుకూ కడుపునొప్పే. అప్పుడు గానీ నా బుర్ర పనిచేయలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లిగా అడిగాను. అంతకు మించి ఏమీ లేదంది. వెళ్లి సారుతో చెప్పాను, "తలుపు తీసి పెట్టండి. తప్పుంటే మీరు చేసి చూపించి సరిచేయండి, పట్టుకోవద్దు" అని. ఆయన నవ్వి, "నమ్మకం లేకపోతే మాన్పించుకోండమ్మా" అన్నాడు. మాన్పించాను. ఉగాది ప్రోగ్రాం డ్రెస్సుకు కట్టిన డబ్బులు పోయాయి, పోనీ. ఆయన తప్పు చేశాడని నేను అనలేను. తలుపు మూసి ఉంటే నాకెట్లా తెలుస్తుంది? అసలు బాధే అది.

మెట్ల మీదున్న తొమ్మిదిమంది అమ్మలకూ చెప్పాను. ఇద్దరే నాతో వచ్చారు. "మా పాప ఏమీ చెప్పలేదక్కా" అన్నారు కొందరు. "ముందు వరసలో నిలబెడుతున్నాడు, ఇప్పుడెందుకు గొడవ" అంది ఒకామె.

పెద్ద సంస్థల్లో ఇట్లాంటివి ఉండవనుకుంటాం. చెన్నైలో రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన కళాక్షేత్ర కంటే పెద్ద పేరు ఏముంది? అక్కడ లైంగిక వేధింపులున్నాయని మాటలొచ్చినప్పుడు, ఆరోపణల్లో నిజం లేదంది సంస్థ. 2023 మార్చి ఆఖర్లో విద్యార్థులు ధర్నాకు కూర్చున్నారు. ఏప్రిల్ 3న పోలీసులు ఒక అధ్యాపకుణ్ణి అరెస్టు చేశారు. 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక పేరున్న సినిమా డాన్స్ మాస్టర్ మీద, ఆయన దగ్గర పనిచేసిన అమ్మాయి కేసు పెట్టింది. తాను మైనరుగా ఉన్నప్పుడే మొదలైందని చెప్పడంతో పోక్సో కూడా చేర్చారు. నేరం తేల్చేది కోర్టు, నేను కాదు. నా ప్రశ్న ఒక్కటే. అంత పెద్ద కళాక్షేత్రలోనే ధర్నాకు కూర్చుంటే గానీ వినలేదే, మన సందులో రేకుల షెడ్డు కింద ఎగిరే తొమ్మిదేళ్ల పిల్ల మాట మనం వినకపోతే ఎవరు వింటారు?

"గురువును అనుమానిస్తారా?" అంటారు. పాలవాడు ఎంత నమ్మకస్తుడైనా పాలు చిక్కగా ఉన్నాయో లేదో చూసే పోయించుకుంటాం. బ్యాంకులో వేసిన డబ్బుకు పాస్‌బుక్కు చూసుకుంటాం. బిడ్డ దగ్గరికొచ్చేసరికి మాత్రం అడగడానికి మొహమాటం. మంచి గురువుకు తెరిచిన తలుపు వల్ల పోయేదేమీ లేదు. పైగా ఆయన పేరును కూడా అదే కాపాడుతుంది.

ఇంకో మాట మా అత్తమ్మ అంది, "అందుకే ఆడపిల్లకు డాన్సెందుకన్నాను" అని. తప్పు చేసేది ఒకరైతే గజ్జెలు విప్పాల్సింది పిల్లా? చెబితే మాన్పిస్తారన్న భయంతోనే చాలామంది పిల్లలు చెప్పరు. చెప్పిన పిల్లకే శిక్ష వేస్తే ఇంకోసారి నోరు విప్పుతుందా?

మనకు చట్టం ఉంది. 2012లో వచ్చిన పోక్సో ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే ఆరునెలల దాకా జైలు. బిడ్డను స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడొద్దు. వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, పోలీసు యూనిఫాంలో రాకూడదు, బిడ్డ వివరాలు బయటపెట్టకూడదు. ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయొచ్చు. నేను ఆరోజే చేసి ఉండాల్సింది. చేయలేదు, ఆ తప్పు నాది.

ఫీజు కట్టేముందే అడగండి. తలుపు తీసి ఉంటుందా? సరిచేయడానికి పిల్లను పట్టుకోవాల్సి వస్తే ముందు అడుగుతారా? ఒక్క పిల్లనే పెట్టుకుని క్లాసు చెబుతారా? ధర్మవరంలోనో కదిరిలోనో ప్రోగ్రాం ఉంటే డ్రెస్సులు మార్చే గదిలో ఏ అమ్మ ఉంటుంది? రాత్రి పిల్లలు ఎవరి బండిలో వస్తారు? పిల్లల ఫోనుకు విడిగా మెసేజీలు పెడతారా? చేర్చేటప్పుడు ఒక్కదాన్నీ నేను అడగలేదు. మీరు అడగండి. ఒక్కరే అడిగితే గయ్యాళి అంటారు. పదిమంది కలిసి అడిగితే అదే పద్ధతి అవుతుంది.

మా పాప ఇప్పుడు వేరే చోట నేర్చుకుంటోంది. వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది. కూరగాయల బండి ఆయమ్మ కూడా ఒక నిమిషం ఆగి చూసి పోతుంది. పిల్లల ధ్యాస ఏమీ చెదరలేదు, అడుగులు బాగానే పడుతున్నాయి. క్లాసు రోజు కడుపునొప్పి కూడా రావడం లేదు.

ఆ మెట్ల మీద ఇంకా ఏడుగురు అమ్మలున్నారు. ఇదంతా వాళ్ల కోసమే రాశాను.