ప్రాణం తీసే నిర్ణయం యంత్రానిది కారాదు

రక్షణ మంత్రిత్వ శాఖకు,

మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసేవి స్వయంచాలిత ఆయుధాలు. శత్రువు సిగ్నళ్లను జామ్ చేస్తే ఆయుధానికి ఆపరేటర్‌తో సంబంధం తెగిపోతుంది. నిర్ణయాన్ని యంత్రానికే వదిలేయాలన్న ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. కానీ యంత్రం పోల్చేది ఆకారాన్నే, ఉద్దేశాన్ని కాదు. హైదరాబాద్ నారాయణగూడ చౌరస్తా రద్దీలో భుజాన పైపు మోసుకెళ్లే ప్లంబర్‌ను ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒక్క చూపులో గుర్తుపడతాడు; కెమెరాకు అది తుపాకీలా కనిపించవచ్చు. ప్రాణం పోతే జవాబుదారీ కమాండరా, ప్రోగ్రామ్ రాసినవారా?

2017, 2018లలో ఈ ఆయుధాలపై చర్చించిన జెనీవా నిపుణుల బృందానికి భారత రాయబారి అమన్‌దీప్ గిల్ అధ్యక్షత వహించారు. ఈ ఆయుధాలపై 2023లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ చేసిన తొలి తీర్మానాన్ని మాత్రం భారత్ వ్యతిరేకించింది. చర్చ జెనీవా వేదికపైనే సాగాలన్నది దాని వాదన. అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకునే రేపటి అధికారులకు ఈ నిర్ణయం ఎవరిదన్నది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు. తుది నిర్ణయం మనిషిదేనని శాఖ లిఖితపూర్వకంగా ప్రకటించాలి.